తిరుపతిలో మామూలు జనానికి వైద్య ఉపన్యాసాలు పెడితే వస్తారా? మా ఆరేళ్ళ అనుభవం

మీ ప్రశ్న చదివాను డాక్టరు గారూ. తిరుపతిలో పీజీ చేస్తున్నానని, మామూలు జనానికి తెలుగులో వైద్యశాస్త్రం గురించి నెలకో ఉపన్యాసం ఇవ్వాలని ఉందని రాశారు. జనం వస్తారా, వచ్చినా అర్థమవుతుందా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

వస్తారు. అర్థం కూడా అవుతుంది. నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పి రిటైరైన టీచర్ని. ఆరేళ్ళుగా నేనూ, నాతో పనిచేసిన ఇంకో నలుగురూ కలిసి తిరుపతిలోనూ, చంద్రగిరి, పాకాల వైపు పల్లెల్లోనూ ఇలాంటివి పెట్టిస్తున్నాం. మాట్లాడేది డాక్టర్లు. చోటు చూడడం, మైకు, కుర్చీలు, జనాన్ని పిలుచుకురావడం మా వంతు. 1960లోనే మెడికల్ కాలేజీ వచ్చిన ఊరు మనది. రుయా, స్విమ్స్ అని రెండు పెద్ద ఆసుపత్రులున్నాయి. చెప్పగలిగినవాళ్ళకి ఇక్కడ కొదవ లేదు, అడిగితే కాదన్నవాళ్ళూ తక్కువే.

మా మొదటి ఉపన్యాసం షుగరు జబ్బు మీద. వచ్చిన డాక్టరు పేరున్న మనిషి, మంచివారు, ఒక్క పైసా తీసుకోలేదు. కానీ డాక్టర్ల కాన్ఫరెన్సుకి తయారుచేసుకున్న స్లైడ్లే తెచ్చారు. ఎనభై పైచిలుకు, అన్నీ ఇంగ్లీషు. అరగంట తిరక్కముందే వెనక వరసలు ఖాళీ. చివర్లో తీపి తినకండి, రోజూ నడవండి, మందులు మానకండి అని ముగించారు. ఇంటికి నడిచొస్తుంటే మా వీధిలో ఉండే ఒకావిడ, పదిహేనేళ్ళుగా షుగరున్న మనిషి, నాతో అంది: "ఈ మూడు మాటలూ మా కోడలు రోజూ చెప్తానే ఉంది టీచరమ్మా. షుగరు రక్తంలో ఉంటే నా అరికాళ్ళు ఎందుకు మొద్దుబారతాయో చెప్తారేమోనని వచ్చినా."

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. 'ఎందుకు' అని అడగమని అన్నేళ్ళు పిల్లలకి నేర్పించాను. పెద్దవాళ్ళకి మాత్రం జాగ్రత్తలు చెప్తే చాలని ఎలా అనుకున్నాను? అప్పట్నుంచి వచ్చే ప్రతి డాక్టరునీ ఒక్కటే అడుగుతున్నాం: ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పండి. అది తెలిస్తే ఏం చెయ్యాలో సగం జనమే చెప్పేస్తారు.

ఇది నేను కళ్ళారా చూసింది పాముకాటు ఉపన్యాసంలో. చంద్రగిరి దాటాక ఒక పల్లె, స్కూలు వరండా. శెనక్కాయ చేలల్లో కలుపు తీసే రోజులు. రాత్రి ఏడింటికి డెబ్బై మంది దాకా కూర్చున్నారు. డాక్టరు నోరు తెరవకముందే నర్సు చేత తన చేతి నుంచి రెండు మిల్లీలీటర్ల రక్తం తీయించుకున్నారు. దాన్ని శుభ్రమైన, తడి లేని గాజు గొట్టంలో పోసి, బల్ల మీద స్టాండులో నిలబెట్టారు. ముందు వరసలో ఉన్న ఒక ఎనిమిదో తరగతి పిల్లకి తన వాచీ ఇచ్చారు. "ఇరవై నిమిషాలయ్యాక చెప్పమ్మా. అప్పటిదాకా దీన్నెవరూ కదపకూడదు."

ఆ ఇరవై నిమిషాలే ఆయన ఉపన్యాసం. మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసేవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఒళ్ళు రుద్దుకుంటూ గరగరమని చప్పుడు చేసే చిన్న పింజర, ఈ నాలుగే అని చెప్పారు. రక్తపింజర విషం ఎక్కితే రక్తంలో గడ్డకట్టించే సరుకంతా చూస్తుండగానే ఖర్చయిపోతుంది. ఇక గడ్డకట్టడానికి ఏమీ మిగలదు. చిగుళ్ళ నుంచి, కరిచిన చోటు నుంచి, మూత్రంలో రక్తం పోతూనే ఉంటుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. నాగుపాము, కట్లపాము విషం దారి వేరు. నరం నుంచి కండకి అందే కబురుని అది ఆపేస్తుంది. ముందు కనురెప్పలు వాలతాయి, తర్వాత మింగుడు పడదు, చివరికి ఊపిరి తీయించే కండలూ ఆగిపోతాయి.

"ఇరవై అయింది సార్" అంది ఆ పిల్ల. వరండాలో చప్పుడు లేదు. డాక్టరు గొట్టం తీసి మెల్లగా తలకిందులు చేశారు. రక్తం జారలేదు. జున్నుముక్కలా అడుగునే అతుక్కుని ఉంది. "నన్ను ఏ పామూ కరవలేదు కాబట్టి ఇది గడ్డకట్టింది. రక్తపింజర విషం పనిచేసిన ఒంట్లోదైతే ఈపాటికి నీళ్ళలా బల్ల మీద పడేది. ఆసుపత్రిలో మేం చేసే మొదటి పరీక్షల్లో ఇదొకటి. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు. గాజు తగిలితేనే గడ్డకట్టే పని సరిగ్గా మొదలవుతుంది" అన్నారు. గొట్టం పట్టుకుని వరసల మధ్య తిరిగి ఒక్కొక్కరికీ చూపించారు.

అప్పుడు ఒక రైతు అన్నాడు: "అయితే సామీ, బ్లేడుతో కోస్తే ఆ నెత్తురు ఇంక నిలవదు కదా." ఆయన అడగడం లేదు, తనే తేల్చేశాడు. పక్కనున్నాయన అందుకుని "తాడు బిగిస్తే నెత్తురు అందక కాలే పోతాది" అన్నాడు. కొయ్యొద్దు, కట్టొద్దు అన్న మాట దాకా డాక్టరు ఇంకా రానేలేదు. వేళ్ళకి ఉంగరాలు, మెట్టెలు ఉంటే తీసేసి, కాలు కదలకుండా ఒక బద్ద ఆనించి, 108కి ఫోన్ చెయ్యమన్న మాట ఒక్కటే ఆయన కలిపారు.

వెనక గోడకి ఆనుకుని ఒక యానాది పెద్దాయన నిలబడి ఉన్నాడు. కట్లపామునీ, దాన్ని పోలిన విషం లేని పామునీ ఎట్ట పోల్చుకోవాలో తను చెప్తానన్నాడు. విషం లేనిదానికి పట్టీలు తల దగ్గర స్పష్టంగా ఉండి తోకకి పోయేకొద్దీ మాసిపోతాయట. కట్లపాముకి మెడ దగ్గర సరిగా కనపడవు, వెనక్కి పోయేకొద్దీ తేరుకుంటాయి. డాక్టరు మైకు ఆయన చేతికిచ్చి మళ్ళీ చెప్పించారు. ఆ తర్వాత, మన దగ్గరి మందు ఆ నాలుగు పాముల విషానికీ కలిపి చేసిందని, పాముని వెతుక్కుంటూ టైము పోగొట్టుకోవద్దని చెప్పారు. గుర్రాలకి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తం నుంచి ఆ మందు తీస్తారు. అందుకు కావలసిన విషాన్ని చెన్నై దగ్గర ఇరుల అనే గిరిజనుల సహకార సంఘం పాముల నుంచి తీసి ఇస్తుంది. ఆ మాట వినగానే పెద్దాయన "మావోళ్ళే" అన్నాడు. నాకు ఆ సాయంత్రంలో అన్నిటికన్నా నచ్చిన మాట అది.

మాటల విషయంలో మీకు ఒక జాగ్రత్త చెప్పాలి. మన వాడుకలో అన్నీ నరాలే. సూది గుచ్చేది నరానికి, బెణికేది నరం, చేతి మీద నీలంగా కనపడేది నరం, పక్షవాతమూ నరాల జబ్బే. మీరు 'నరాల మీద పనిచేస్తుంది' అంటే వినేవాళ్ళ కళ్ళముందు రక్తనాళం కనిపిస్తుంది, అక్కడి నుంచి మీరు చెప్పేదంతా తప్పు దారిలో పోతుంది. ఆ డాక్టరు ముందే విడదీశారు: రక్తం పారేది కాలవ, కబురు మోసేది కరెంటు తీగ. రాత్రిపూట మోటారు వేసి మడికి నీళ్ళు పెట్టేవాళ్ళకి అంతకన్నా చెప్పక్కర్లేదు. తర్వాత మేం షుగరు మీద మళ్ళీ పెట్టినప్పుడు వేరే డాక్టరుకి ఇదే పోలిక ఇచ్చాం. చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే తీగలూ, ఆ తీగలకి ఆహారం తెచ్చే సన్నటి కాలవలూ రెండూ పాడవుతాయని, ఒంట్లో అన్నిటికన్నా పొడుగు తీగ పాదానిది కాబట్టి దెబ్బ ముందు దానికే తగులుతుందని ఆవిడ చెప్పారు. మా వీధి ఆవిడ నా పక్కనే కూర్చుని తన అరికాలు తడుముకుంటూ వింది. ధమని, సిర, వృక్కం లాంటి మాటలు పరీక్షలకి నేనే నేర్పాను గానీ, ఇక్కడ వద్దు. కిడ్నీ, బీపీ, షుగరు ఇప్పుడు తెలుగు మాటలే.

ఒక్క వస్తువు బల్ల మీద ఉంటే ఎనభై స్లైడ్లు అక్కర్లేదు. లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే విజ్ఞాన సంస్థ వాళ్ళు 1825 నుంచి పిల్లలకి క్రిస్మస్ ఉపన్యాసాలు పెడుతున్నారు. అక్కడ ఫారడే అనే శాస్త్రవేత్త ఒక్క కొవ్వొత్తిని పట్టుకుని ఆరు ఉపన్యాసాలు చెప్పాడు. మాకైతే గుండెపోటు గురించి చెప్పడానికి వచ్చిన డాక్టరు పొట్టేలు గుండెకాయ కావాలన్నారు. అనుకున్న హాలు భజన మందిరానిది, అక్కడికి మాంసం తేవద్దన్నారు. న్యాయమే కదా, స్కూలుకి మార్చుకున్నాం. తిరుపతిలో ఇది ముందే అడగండి. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం మొదట్లో ఆ డాక్టరు చెంబుతో నీళ్ళు పోస్తే కవాటం మూసుకుని నీళ్ళు నిలబడ్డాయి. ఆ కవాటానికి కొంచెం పైన రెండు చిన్న రంధ్రాలు. ఒకదాంట్లో అగ్గిపుల్ల దూర్చి చూపించారు. గుండె గదుల నిండా రక్తమే ఉన్నా, గుండె కండకి రక్తం అందేది ఆ రెండు దారుల్లోంచే. అందులో ఒక కొమ్మ పూడిపోతే కండ చచ్చిపోతుంది, దాన్నే మనం గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగి పడుకుంటాం అన్నారు. అగ్గిపుల్లని చూసిన తర్వాత ఆ మాటకి ఎవరూ నవ్వలేదు.

మిగతావి చిన్న సంగతులు. మీరు అరగంటకి మించి మాట్లాడకండి, ప్రశ్నలకి గంట ఉంచండి. ఆడవాళ్ళు లేచి అడగడానికి మొహమాటపడతారు, చీటీలు పంచితే బాగా అడుగుతారు. గంగ జాతర, బ్రహ్మోత్సవాలు, తమిళ నెల పెరటాశిలో వచ్చే శనివారాలు వదిలెయ్యండి. రిపోర్టులు పట్టుకొచ్చినవాళ్ళని అయ్యాక విడిగా చూడండి, మైకులో మందులు చెప్పొద్దు. ఖర్చు మేం పెట్టుకుంటామని ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్ళు ముందుకొచ్చి, గుమ్మం దగ్గర స్కానింగు డిస్కౌంటు కూపన్లు పంచారు. ఆ తర్వాత రెండు నెలలు మా మాట మీద జనానికి నమ్మకం పోయింది. అది నాకు ఇప్పటికీ బాధే. అప్పట్నుంచి అలాంటి డబ్బు ముట్టుకోలేదు.

పాముకాటు రోజు చీటీల్లో వచ్చిన ఒక ప్రశ్న దాచుకున్నాను. "కట్లపాము కరిస్తే నొప్పి తెలియదన్నారు. రాత్రి నిద్దట్లో పిల్లోడికి కరిస్తే నాకెట్ట తెలుస్తుంది?" డాక్టరు ఆ చీటీని రెండుసార్లు చదివారు. తెల్లవారి బిడ్డ కారణం లేకుండా కడుపునొప్పి అన్నా, కనురెప్పలు వాలుతున్నా, మింగలేకపోతున్నా అజీర్తి అనుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తమన్నారు. నేల మీద పడుకోబెట్టొద్దు, మంచం మీద దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపమన్నారు. చివర ఒకమ్మాయి లేచి, "మందు బిడ్డకి సగమే వేస్తారా?" అని అడిగింది. "బిడ్డ అని పాము సగం విషం వెయ్యదు కదమ్మా, మందూ పెద్దవాళ్ళంతే" అన్నారాయన. చీటీ రాసింది ఆ అమ్మాయేనని నాకు అప్పుడు అర్థమైంది.

పాకాల వైపు ఒక పల్లె వాళ్ళు కుక్కకాటు గురించి చెప్పించమంటున్నారు. కరిచేది కాలి మీద, చంపేది మెదడుకి చేరి, మధ్యలో ఆ రేబిస్ క్రిమి ఏ దారిన పోతుంది అన్నది వాళ్ళ ప్రశ్న. తీగ పోలిక అక్కడా పనికొస్తుంది. వచ్చే నెల రెండో ఆదివారం సాయంత్రం అనుకుంటున్నాం. ఇంకా ఏ డాక్టరుకీ మాట ఇవ్వలేదు. మీకు కుదురుతుందేమో కింద రాయండి, చోటూ జనమూ మేం చూసుకుంటాం.