తూనీగ రెక్కలు వీడియోలో కదలకపోవడం గురించి

తమ్ముడూ, ముడసర్లోవ దగ్గర తీసిన వీడియోలో తూనీగ రెక్కలు దాదాపు కదలట్లేదన్నావు కదా, ఫోన్ బాగానే ఉంది, టెన్షన్ పడకు. తూనీగ సెకనుకి సుమారు 30 నుంచి 40 సార్లు రెక్కలాడిస్తుంది, నీ ఫోనేమో 30 ఫ్రేములే తీస్తోంది, అందుకే ప్రతి ఫ్రేములోనూ రెక్క ఇంచుమించు అదే చోట దొరుకుతోంది. స్లో మోషన్‌లో సెకనుకి 240 ఫ్రేములు పెట్టు. మంచి ఎండలో తియ్యి, లేకపోతే మసగ్గా వస్తుంది. రెక్క 8 ఫ్రేములకోసారి పైకొస్తే సెకనుకి 30 సార్లన్నమాట. ముందు, వెనక రెక్కల్ని మాత్రం విడివిడిగా లెక్కపెట్టు, నాకైతే అసలు అందం అక్కడే ఉంది: గాల్లో నిలిచినప్పుడు ఆ రెండు జతలూ ఒకదాని తర్వాత ఒకటి ఆడతాయి, ఒక్కసారిగా దూసుకెళ్లేటప్పుడు కలిసి ఆడతాయి.