పద్మినిలో ఈకో ఇంజిన్: లెక్క ఎక్కడి దాకా పోతుంది?

ప్రశ్న: మా నాన్నగారు కొన్న 1975 నాటి ప్రీమియర్ పద్మిని ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. కొంతకాలంగా ఇంజిన్ పొగ వదులుతోంది, ఫ్లైఓవర్ ఎక్కడానికి కూడా ఆయాసపడుతోంది. తెలిసిన మెకానిక్ ఒకరు ఈకో వ్యాను ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి 60,000 రూపాయలకు తెప్పిస్తామనీ, కూలీతో సహా లక్షలో బండి సిద్ధం చేస్తామనీ అంటున్నారు. ఈ లెక్క నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఇంజిన్ ఎంపికలో మీ మెకానిక్‌ను తప్పు పట్టడానికి లేదు. పద్మినిలో ఇంజిన్ బండి పొడవునా అమరి వెనుక చక్రాలను తిప్పుతుంది. ఇప్పటి చిన్న కార్లలో దాదాపు అన్నింటికీ ఇంజిన్ అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది కాబట్టి ఆల్టో, స్విఫ్ట్ ఇంజిన్లు ఎంత చవకగా దొరికినా వాటిని ఇందులో ఇమడ్చడం వృథా ప్రయాస. తేలికగా దొరికే మారుతీలలో ఆమ్నీ, ఈకో, జిప్సీలే ఈ పనికి వస్తాయి. 1089 సీసీ పాత ఫియట్ ఇంజిన్ సుమారు 40 హార్స్‌పవర్ ఇస్తే, 1196 సీసీ ఈకో ఇంజిన్ 73 ఇస్తుంది. ఆశ పుట్టడం సహజమే.

పేచీ అంతా లక్షలో ముగుస్తుందన్న మాటతోనే. ఆ 60,000 కేవలం ఇంజిన్ మీ షెడ్డులోకి వచ్చి చేరడానికి అయ్యే ఖర్చు. వ్యానులో అది ముందు సీట్ల కింద కూర్చుంటుంది. గొట్టాలు, సైలెన్సర్ పైపు, గేరు రాడ్లు అన్నీ ఆ చోటును బట్టి మలిచినవే. దాన్ని తెచ్చి పద్మిని బానెట్ కింద దించినప్పుడు సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) వెళ్లి బండి అడ్డపట్టీకి ఆనవచ్చు, లేదా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగను సైలెన్సర్ పైపులోకి పంపే గొట్టాల భాగం) స్టీరింగ్ బాక్స్‌కు మరీ దగ్గరగా రావచ్చు. అప్పుడు సంపు కోసి అతికించాలి, మానిఫోల్డ్ కొత్తగా చేయించాలి, మౌంటింగులు కొలతకు తగ్గట్టు తయారు చేయించాలి. పని తెలిసిన వెల్డరు, లేత్ మిషను అందుబాటులో ఉన్న చోటైనా దీనికి 20,000 దాటుతుందనే అనుకోండి. గేర్‌బాక్స్ పొడవు మారుతుంది కనుక గేర్‌బాక్స్ నుంచి వెనుక చక్రాలకు శక్తిని చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కోయించి, దాని కొసల్లోని క్రాసులు (కీళ్లు) మార్చి, తిరిగి బ్యాలెన్సింగ్ చేయించాలి. ఈ ఒక్క పనిలో 2,000 రూపాయలు మిగుల్చుకోవాలని చూసిన బండ్లే, 60 కిలోమీటర్ల వేగం దాటగానే అడుగున గజగజ వణుకుతూ తిరిగి షెడ్డుకు వస్తుంటాయి. షాఫ్ట్ పనికి 10,000 వేసుకోండి.

గేరు సంగతి వేరు. మీ బండికి గేరు కడ్డీ స్టీరింగ్ పక్కన ఉంటుంది. కొత్త గేర్‌బాక్స్ దానికి లొంగదు. ఫ్లోరు కోసి కడ్డీని కిందికి తేవాలి, అలా తెచ్చాక ముందున్న బెంచి సీటును విడదీయక తప్పదు. ముగ్గురు కూర్చునే చోట ఇద్దరే మిగులుతారు. టింకరింగ్, సీట్ల పని కలిపి 15,000 నుంచి 20,000 అవుతుంది.

మెకానిక్కులు సాధారణంగా తేలికగా తీసిపారేసేది, తరువాత అసలు తలనొప్పి అయ్యేది వైరింగ్. ఈకో ఇంజిన్ మీ బండిలా కార్బురేటర్‌తో నడిచేది కాదు, పెట్రోల్‌ను ఇంజెక్టర్లు చిమ్ముతాయి. దానికి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టె) కావాలి, సెన్సార్లన్నీ కావాలి, ఆ వైరింగ్ అంతా ముక్కలు కాకుండా అదే బండి నుంచి రావాలి. ఇంజిన్ కొనేటప్పుడే ఈసీయూ, తాళంచెవి, యాక్సిలరేటర్ పెడల్, ఫ్యూయల్ పంపు అన్నీ ఒకే బండివి అడిగి తీసుకోకపోతే, తరువాత ఒక్కొక్కటిగా వెతికేటప్పుడు రెట్టింపు ధర పెట్టాల్సి వస్తుంది. మీ బండి పెట్రోల్ పంపు ఇంజిన్ మీదే ఉండే చిన్న మెకానికల్ పంపు. ఇంజెక్టర్లకు సుమారు 3 బార్ ఒత్తిడి కావాలి, అది ట్యాంకులో కూర్చునే ఎలక్ట్రిక్ పంపు వల్లే వస్తుంది. అంటే ట్యాంకు విప్పి, తుప్పు శుభ్రం చేసి, నోరు పెద్దది చేసి, కొత్త పైపులు వేయాలి. వైరింగుకు, పెట్రోల్ లైనుకు, రేడియేటర్, ఫ్యాన్, సైలెన్సర్‌లకు కలిపి 70,000కు తక్కువ అనుకోకండి.

బ్రేకుల మాట మీ ప్రశ్నలో లేదు, మెకానిక్ లెక్కలోనూ లేదు. పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. 40 హార్స్‌పవర్ బండిని ఆపడానికి అమర్చిన వాటి మీద 73 హార్స్‌పవర్ బరువు మోపి హైవే ఎక్కడం ప్రాణాలతో చెలగాటం. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, పెడల్ నొక్కే బలాన్ని పెంచే సర్వో పెట్టించడానికి 40,000 వేసుకోండి. ఈ అంశాన్ని తీసేసి ఖర్చు తగ్గించుకుందామనుకుంటే, ఇంజిన్ మార్చే ఆలోచననే మానుకోమని నా సలహా.

కూలీ, అనుకోకుండా తగిలే చిల్లర ఖర్చులు కూడా కలిపితే మొత్తం 2,75,000 నుంచి 3,25,000 దాకా తేలుతుంది. ఇవి ఊరిని, పనివారిని బట్టి అటూఇటూ అయ్యే అంచనాలే; కానీ లక్ష దగ్గర మాత్రం ఆగవు. 1990ల మొదట్లో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్‌లో 1.8 లీటర్ల ఇసుజు ఇంజిన్ పెట్టినప్పుడు సొంత ఫ్యాక్టరీ, ఇంజినీర్లు ఉండి కూడా పాత గేర్‌బాక్స్‌తో సరిపెట్టుకోలేక అయిదు గేర్ల పెట్టె అమర్చవలసి వచ్చింది.

మీ విషయంలో దీనికన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న కార్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు ఉంటాయి; అలా నమోదైన కారును రోజువారీ పనులకు మాత్రం వాడకూడదు. 1975 బండికి ఆ వయసు వచ్చేసింది. అయితే ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉంటే ఆ అర్హత పోతుంది. మూడు లక్షలు పెట్టి, ఉన్న విలువను కూడా వదులుకోవడమంటే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లే.

కనుక పాత ఇంజిన్‌నే బాగు చేయించండి. ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్డు, పుష్‌రాడ్లు ఉన్న సాదా ఇంజిన్ అది. అరిగిన సిలిండర్లను బోరింగ్ చేయించి (లోపలి గోడలు సమంగా తొలిపించి), పిస్టన్లు, రింగులు, బేరింగులు, వాల్వులు కొత్తవి వేయిస్తే పొగ ఆగుతుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట ఇంజిన్ బోరింగ్ పని తెలిసినవారు మీకు దగ్గరే. 60,000 నుంచి 80,000లో మంచి పని అవుతుంది. బలం పెరగదు, ఫ్లైఓవర్ మాత్రం నెమ్మదిగా ఎక్కుతుంది.

ప్రశ్న: ఇంజిన్ ముందే మార్చి ఉన్న ఒక పద్మిని అమ్మకానికి వచ్చింది. బండి బాగా పరుగెడుతోంది. ఆర్సీలో మాత్రం పాత ఇంజిన్ నంబరే ఉంది. కొన్నాక ఆర్టీఏ కార్యాలయంలో సరిచేయించుకోవచ్చని అమ్మేవారు చెబుతున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఆ మాట నమ్మి డబ్బు ఇవ్వకండి. ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలతో సరిపోలకుండా పోయే మార్పు ఏదీ చేయకూడదని మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ చెబుతోంది; 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే స్పష్టం చేసింది. ఇంజిన్ పాడైపోయి అదే కంపెనీకి చెందిన అదే రకం ఇంజిన్ వేయించుకుంటే, కొన్న బిల్లు చూపించి, అనుమతి తీసుకుని కొత్త నంబరు ఎక్కించుకునే దారి ఉంది. పద్మినిలో పద్మిని ఇంజిన్ అయితే ఇబ్బంది లేదు. వేరే కంపెనీ, వేరే సీసీ ఇంజిన్‌కు అది వర్తించదు. అనుమతి లేని మార్పుకు 2019 సవరణలో చేర్చిన 182ఎ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. సీఎన్‌జీ, ఎల్పీజీ, బ్యాటరీ కిట్‌లకు చట్టంలో వేరే వెసులుబాటు ఉంది. ఆమోదం పొందిన కిట్ అయితేనే సుమా.

ఆచరణలో చిక్కు ఇంకో చోట ఎదురవుతుంది. ఇంత పాత కారుకు అయిదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ తప్పదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తి ఇంజిన్ నంబరు చూసిన రోజున బండి అక్కడే ఆగిపోతుంది. ఇక ప్రమాదం జరిగితే, చెప్పకుండా చేసిన మార్పును కారణంగా చూపి ఇన్సూరెన్స్ కంపెనీ మీ బండి నష్టాన్ని చెల్లించడానికి నిరాకరించవచ్చు. అమ్మేవారి దగ్గర పాత ఇంజిన్ విడిగా భద్రంగా ఉంటే, ఆర్సీలోని నంబరే దాని మీద ఉంటే, దానితో సహా బేరం చేయండి. దాన్ని బాగు చేయించి తిరిగి ఎక్కించే ఖర్చు ధరలో తగ్గించమనండి. పాత ఇంజిన్ తుక్కుకు పోయిందంటే మాత్రం ఆ బండి జోలికి పోకపోవడమే మంచిది.

ప్రశ్న: ఇథనాల్ కలిసిన పెట్రోల్ వల్ల పాత ఫియట్ ఇంజిన్ పాడవుతుందనీ, అందుకే ఇంజిన్ మార్చాలనీ అంటున్నారు. అంత అవసరమా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అవసరం లేదు. ఇ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోల్‌కు ముందుగా దెబ్బ తినేవి రబ్బరు గొట్టాలు, పెట్రోల్ పంపు డయాఫ్రమ్, కార్బురేటర్ గాస్కెట్లు. వీటిని ఇప్పటి పెట్రోల్‌ను తట్టుకునే రకానికి మార్చడానికి కొన్ని వేల రూపాయలే అవుతాయి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి బండిని నెలల తరబడి నిలిపి ఉంచేటట్లయితే ట్యాంకులో పెట్రోల్ వదిలేయకండి. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి, పెట్రోల్ మిశ్రమం కాస్త పల్చబడుతుంది గనుక కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే రంధ్రమైన జెట్టును ఒక సైజు పెంచమని మెకానిక్‌తో చెప్పండి. ఆ తరువాత స్పార్క్ ప్లగ్గులు విప్పి, తెల్లబడ్డాయేమో చూడమనండి; తెల్లబడితే మిశ్రమం ఇంకా పల్చగా ఉన్నట్టు.