కిట్ కొనే ముందు మీ నాన్న పక్కన కూర్చో

అమ్మలూ,

ఉత్తరం అందింది. డీఎన్ఏ కిట్ తెప్పించి మన ఇంటిపేరు మూలం తేల్చేస్తానని రాశావు. కాస్త ఆగు. నీ శాంపిల్‌తో ఆ పని జరగదు. నాదీ పనికిరాదు, ఇది డబ్బు పోసి నేర్చుకున్న పాఠం.

ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. ఒంట్లో అదే దారిన నడిచేది వై క్రోమోజోమ్ ఒక్కటే, మగవాళ్లకి మాత్రమే ఉండే డీఎన్ఏ ముక్క అది. తండ్రి దాన్ని దాదాపు ఉన్నదున్నట్టు కొడుక్కి ఇస్తాడు. మనం ఆడవాళ్లం, మనకి అది లేదు. కాబట్టి శాంపిల్ ఇవ్వాల్సింది మీ నాన్న, లేదంటే తమ్ముడు, పెదనాన్న కొడుకు. మీ నాన్నదే ముందు తీసుకో. పెద్దవాళ్ల శాంపిల్ ఇవాళ తీసుకోకపోతే రేపు ఉండకపోవచ్చు.

నేను మొదట కొన్నది అందరూ కొనే మామూలు కిట్. అది అన్ని వైపుల పూర్వీకుల్నీ కలిపి చూస్తుంది. దగ్గరి చుట్టాల్ని పట్టిస్తుంది కానీ వెనక్కి పోయేకొద్దీ ఒక్కో పూర్వీకుడి వాటా తరానికి సగం తగ్గిపోతుంది. ఏడు తరాల వెనకటి మనిషిది సగటున ఒక శాతం కూడా ఉండదు. ఇక ఫలానా ప్రాంతం ఇంత శాతం అని రంగుల మ్యాప్ ఇస్తారే, అది ఈనాటి మనుషుల డీఎన్ఏతో పోల్చి వేసిన అంచనా. కంపెనీ లెక్క మార్చిందంటే నీ శాతాలూ మారిపోతాయి. నేను దాన్ని ఫ్రేమ్ కట్టించబోయాను, ఏం చెప్పను!

నీకు కావాల్సింది వై టెస్టు. ఫ్యామిలీట్రీడీఎన్ఏ లాంటి కంపెనీలు చేస్తాయి. అక్కడ ఒకే ఇంటిపేరు వాళ్లు కలిసి నడిపే ప్రాజెక్టులుంటాయి. మన పేరుతో ఏదైనా ఉందేమో ముందు చూడు. రిజల్టులో మార్కర్లు అంటారు, అంటే డీఎన్ఏలో కొన్ని చోట్ల ఒకే అక్షరాల వరుస ఎన్నిసార్లు మళ్లీ మళ్లీ వచ్చిందో ఆ లెక్క. 12 మార్కర్లు కలిశాయని సంబరపడకు, వేల ఏళ్ల కిందట విడిపోయిన వాళ్లకి కూడా అన్ని కలవొచ్చు. 37తో మొదలుపెట్టి, ఎవరైనా దగ్గరగా కనిపిస్తే అప్పుడు 111కి వెళ్లొచ్చు. ఇద్దరికీ ఉమ్మడి తాత ఎన్ని తరాల వెనక అన్నది మాత్రం ఎప్పుడూ ఉజ్జాయింపే.

ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఒకే రక్తం అనుకోకు. ఇంగ్లండ్‌లో బ్రయాన్ సైక్స్ అనే శాస్త్రవేత్త తన ఇంటిపేరే ఉన్న మగవాళ్లని పరీక్షిస్తే, సుమారు సగం మందికి ఒకే రకం వై వచ్చింది. ఆ ఫలితాలు 2000లో అచ్చయ్యాయి. తర్వాత 2009లో 40 ఇంటిపేర్ల మీద ఇంకో అధ్యయనం వచ్చింది. అరుదైన పేర్ల వాళ్లకి చాలావరకు కలిసింది. స్మిత్ లాంటి పేర్లకి ఊరికే కలిసొచ్చేదానికి మించి ఏమీ కలవలేదు. కలవదు మరి, కమ్మరి పని చేసిన ప్రతి ఊళ్లోనూ ఆ పేరు విడిగా పుట్టింది కదా. వృత్తిని బట్టో ఊరిని బట్టో వచ్చిన పేరైతే నువ్వూ ఇదే అనుకోవాలి.

అందుకే ఒక్క మనిషి శాంపిల్‌తో ఆగొద్దు. దూరంగా విడిపోయిన రెండు శాఖల నుంచి ఇద్దరివి తీసుకో. కలిస్తే వాళ్ల ఉమ్మడి తాత దాకా గీత గట్టిది. కలవకపోతే మధ్యలో ఎక్కడో తెగింది. దత్తత కావచ్చు, తల్లి వైపు పేరు పెట్టుకోవడం కావచ్చు, తండ్రి వేరే కావచ్చు. రాజుల ఇళ్లలోనే తప్పలేదు. 2012లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో కార్ పార్కింగ్ కింద అక్కడి పాత రాజు మూడో రిచర్డ్ ఎముకలు దొరికాయి. తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియల్ డీఎన్ఏ, ఆయన అక్క సంతతిలో ఇద్దరితో కలిసింది. వంశవృక్షం ప్రకారం తండ్రి వైపు చుట్టాలైన అయిదుగురితో పోలిస్తే ఒక్కరి వై కూడా కలవలేదు. పైగా ఆ అయిదుగురిలో ఒకరు మిగతా నలుగురితోనూ కలవలేదు! గీత ఎక్కడ తెగిందో వై చెప్పదు. అది పాత కాగితాల్లోనో పెద్దవాళ్ల నోటనో దొరకాలి.

ఇక్కడే నేను తప్పు చేశాను. మీ పెదనాన్నది, మా చిన్నాన్న కొడుకుది, అంటే నీకు బాబాయి వరుస, ఇద్దరి శాంపిల్సూ పంపాను. ఊరికే సరదాకి అని చెప్పాను. రిజల్టు చూసి, ఆలోచించకుండా ఫోన్ చేసి, "మనది కలవలేదురా" అన్నాను. వాణ్ని నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు దత్తత తెచ్చుకున్నారట. ఇంట్లో పెద్దవాళ్లకి తెలుసు. వాడికే తెలీదు. అరవై ఏళ్ల మనిషి ఆ సంగతి నా ఫోన్‌లో విన్నాడు. చాలా నెలలు నాతో మాట్లాడలేదు. నేను ముందుగా మా పిన్ని దగ్గర ఒక సాయంత్రం కూర్చుని ఉంటే ఆ కిట్టే పంపేదాన్ని కాదు.

అందుకని శాంపిల్ ఇచ్చే ప్రతి మనిషినీ కూర్చోబెట్టి అడుగు: "కలవకపోతే నీకు చెప్పమంటావా, వద్దా?" చెప్పొద్దంటే ఆ శాంపిల్ పంపకు. రిజల్టు వాళ్ల ఫోన్‌కి కూడా రావచ్చు, దాన్ని నువ్వు ఆపలేవు.

ఇంకో మాట. డీఎన్ఏ నీ ఒక్కదానిదే కాదు. 2018లో కాలిఫోర్నియా పోలీసులు పాత హంతకుణ్ణి పట్టుకున్నది అతని దూరపు చుట్టాలు ఆన్‌లైన్‌లో పెట్టిన డీఎన్ఏతోనే. 2023లో 23అండ్‌మీ అనే డీఎన్ఏ టెస్టుల కంపెనీలో దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025లో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. పేరు బదులు పొడి అక్షరాలు పెట్టు. సెట్టింగులు నువ్వే చూసుకో. ముడి డేటా డౌన్‌లోడ్ చేసి దాచుకో.

ఉమ్మి తీసే కిట్ అయితే అరగంట ముందు నుంచి ఏమీ తినొద్దని, తాగొద్దని మీ నాన్నకి చెప్పు. ఆయన వినడు, పక్కనే ఉండు. ఈలోగా నీకు తెలిసినంత వరకు వంశవృక్షం పెన్సిల్‌తో గీసి నాకు పంపు. మా తాతయ్య అన్నదమ్ముల వైపు ఖాళీలు నేను నింపుతాను.

మీ అత్త