కత్తి అలుగుకు నీలి నలుపు రంగు: మంటా, సీసా మందా, తుప్పా?

లారీ కమాను పట్టీతో సాగదీయించుకున్న కత్తికి నీలి నలుపు రంగు రావాలంటే గ్యాసు పొయ్యి మీద కాల్చాలా, ఉక్కుకు ఆ రంగు పట్టించే, సీసాల్లో అమ్మే బ్లూయింగ్ ద్రావణం కొనాలా అని అడిగారు. అంబాజీపేట దగ్గర కొబ్బరి పనికీ తోట పనికీ వాడే కత్తులు చేస్తున్నవాడిగా, ఆ రెండూ వద్దనీ, మన డెల్టా తేమకు చక్కగా కుదిరే మూడో పద్ధతి ఎంచుకోమనీ చెబుతాను.

మెరుగు పెట్టిన ఉక్కును వేడి చేస్తే సుమారు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎండుగడ్డి రంగు, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం వస్తాయి. అయితే కత్తిని సాధారణంగా 200 డిగ్రీల చుట్టుపక్కలే టెంపర్ చేస్తారు, అంటే గట్టిపరిచిన ఉక్కు పెళుసుదనం తగ్గేలా మళ్ళీ వేడి చేస్తారు కనుక, నీలం తేలేదాకా కాలిస్తే అంచు మెత్తబడి పదును నిలవదు. పైగా ఆ పొర అతి పలచనిది, తుప్పును ఆపలేదు. ఇక సీసా మందుల్లో చాలావాటిలో విషపూరితమైన సెలీనియం సమ్మేళనాలుంటాయి. రంగు నిమిషాల్లో వచ్చినా రాపిడికి పోతుంది. తినే వస్తువును తాకే కత్తికి నేను వాటిని వాడను.

మూడోది తుప్పు పట్టించి ఉడికించడం. ఎర్రటి తుప్పు మరిగే నీటిలో మాగ్నటైట్ అనే నల్లటి ఆక్సైడుగా మారి ఉక్కును అంటిపెట్టుకుంటుంది. ముందుగా అలుగును 320 నంబరు వాటర్ పేపరుతో ఒకే దిశలో రుద్ది, చాకలి సోడా కలిపిన వేడినీళ్ళతో జిడ్డు వదిలించాలి. ఆ తరువాత చేతి వేలు కూడా తగలకూడదు, తగిలినచోట రంగు పట్టదు. వెనిగర్‌లో కొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడు, చిటికెడు ఉప్పు వేసి, గాలి ఆడేచోట చేతి తొడుగులతో పలచగా పూయాలి. ఈ మిశ్రమం అప్పటికప్పుడు కలుపుకోవలసిందే. మూత బిగించి దాస్తే సీసా పగిలే ప్రమాదముంది. వానాకాలంలో కత్తిని వసారాలో వేలాడదీస్తే చాలు, సన్నని తుప్పు సమంగా పరుచుకుంటుంది.

అప్పుడు దానిని అరగంట ఉడికించాలి. కోనసీమలో చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పన. వాటిలోని క్లోరైడు వల్ల మచ్చలు పడతాయి కాబట్టి పట్టి ఉంచుకున్న వాననీళ్ళు గానీ, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ నీళ్ళు గానీ వాడండి. ఎరుపు కళ్ళముందే నల్లబడి, బయటకు తీసేసరికి అలుగంతా కాటుక పూసినట్టు ఉంటుంది. నూనె లేని సన్నటి స్టీలు ఊలుతో మెల్లగా రుద్దితే పైనున్న మసి రాలిపోయి కింద బూడిద రంగు పొర మిగులుతుంది. పూయడం, ఉడికించడం, రుద్దడం అయిదారుసార్లు తిరిగి చేస్తే అది చిక్కబడి నీలి నలుపవుతుంది. తొందరపడి తుప్పును మందంగా పట్టనిస్తే గుంటలు పడతాయి, అవి మళ్ళీ పూడవు.

చివరిసారి ఉడికిన వెంటనే వేడి తగ్గకముందే నూనె పట్టించి ఒక రాత్రి ఉంచండి. వంటకత్తికైతే కొబ్బరినూనె బాగుంటుంది. సాన పట్టడం అన్నింటికన్నా చివర. ఇదంతా కమాను పట్టీ వంటి కార్బన్ ఉక్కుకే, స్టెయిన్‌లెస్‌కు పనిచేయదు. మామిడికాయ, నిమ్మకాయ కోసే కత్తి అయితే వాటి పులుపుకు ఈ పొర కరిగిపోతుంది కనుక రంగు జోలికి పోకుండా, వాడిన వెంటనే కడిగి తుడుచుకోవడమే మంచిది.