ప్రోగ్రెస్ బార్ గీసే ముందు

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

స్కాన్ చేసిన పాత ఖాతా పుస్తకాలను చదివే మీ ప్రోగ్రాముకు పదిహేను నిమిషాలు పడుతోందని, అంతసేపూ తెర మీద చక్రం ఒక్కటే తిరుగుతోందని, దాని బదులు పని ఎంతవరకు వచ్చిందో చూపే ప్రోగ్రెస్ బార్ పెట్టమన్నారని రాశావు. బార్ గీయడం ఒక పూట పని. అది దేన్ని కొలవాలో తేల్చుకోవడానికే ఎక్కువ రోజులు పడతాయి.

వెనుక ఒక కార్యాలయానికి జీతాల ప్రోగ్రాము రాసినప్పుడు, కిందటి నెల పట్టిన సమయాన్ని బట్టి బార్ ముందుకు జరిగేలా చేశాను. మరుసటి నెల ఉద్యోగులు పెరగడంతో అది 99 శాతం దగ్గర నలభై నిమిషాలు ఆగిపోయింది. గుమస్తాగారు కంప్యూటర్ హ్యాంగ్ అయిందనుకుని స్విచ్ కట్టేశారు. సగం మందికే జీతాలు నమోదైన ఆ లెక్కలను సరిచేయడానికి రెండు రాత్రులు పట్టింది. ఆయనను తప్పుపట్టలేను, గడియారం చూపించి అదే పని అని నమ్మించింది నేను.

అందుకే నువ్వు పేజీలను లెక్కపెట్టు. "412 పేజీలలో 137 చదివాం" అన్న వాక్యం ఒక్కటే ఏ శాతం కన్నా ఎక్కువ ధైర్యమిస్తుంది. అప్‌లోడ్, చదవడం, మొత్తాలు సరిచూడడం, భద్రపరచడం అని నాలుగు దశలున్నాయి కదా అని తలా 25 శాతం పంచకు. సమయమంతా చదవడంలోనే పోతున్నప్పుడు ఆ పంపకం అబద్ధమవుతుంది. సరిచూడడానికి ఎంతసేపు పడుతుందో ముందుగా తెలియకపోతే, అక్కడ శాతం తీసేసి, జరుగుతున్న పనిని మాటల్లో చెప్పు.

1985లోనే కంప్యూటర్ పరిశోధకుడు బ్రాడ్ మయర్స్ శాతం చూపే సూచికలపై పరిశోధన ప్రచురించాడు. 2007లో క్రిస్ హారిసన్ అనే మరో పరిశోధకుడి బృందం, చివర్లో వేగం పుంజుకునే బార్ చూసేవారికి త్వరగా ముగిసినట్టు అనిపిస్తుందని, చివర్లో ఆగితే మాత్రం వారు అస్సలు ఓర్చుకోలేరని గమనించింది. మొదటి సంగతి చదివి బార్‌ను కావాలని నెమ్మదిగా మొదలుపెట్టే తెలివితేటలు నాకు నచ్చవు. రెండో సంగతి మాత్రం ఆ గుమస్తాగారి వల్ల నాకు ముందే తెలిసింది.

మిగిలిన సమయాన్ని కొన్ని పేజీలు అయ్యాకే, ఇటీవలి వేగాన్ని బట్టి, "సుమారు 6 నిమిషాలు" అని చెప్పు. సెకన్లు చూపించకు. చేతిరాత పేజీలు రాగానే ఆ సంఖ్య పైకి ఎగబాకితే నీ మాట మీద నమ్మకం పోతుంది.

కంప్యూటర్ వాడకం సులువుగా ఉండాలని పరిశోధించిన యాకోబ్ నీల్సన్ చెప్పిన లెక్కలో, మనిషి దృష్టి ఒక పని మీద నిలిచేది దాదాపు 10 సెకన్లు. పదిహేను నిమిషాలు ఎవరూ తెర ముందు కూర్చోరు. కనుక పనిని సర్వర్‌లో నడిపించి, "ఈ పేజీ మూసేయవచ్చు, పూర్తి కాగానే సందేశం పంపుతాం" అని మొదటే చెప్పు. మళ్లీ తెరిచినప్పుడు బార్ సున్నా నుంచి కాక, ఉన్న చోటు నుంచే కనిపించాలి. "ఆపు" బటన్ పక్కన, అప్పటివరకు చదివిన పేజీలు ఉంటాయా పోతాయా అన్నది రాసి పెట్టు.

ఇట్లు,
మీ బాబాయి