చచ్చిన ఈగలు లేవు, పెట్టె మాత్రం ఖాళీ

ప్రశ్న: మా తేనెటీగల పెట్టెల పక్క చేలో పూత మీద పురుగుమందు కొట్టారు. పెట్టెల ముందు చచ్చిన ఈగలు పది కూడా లేవు. అయినా రెండు వారాల్లో ఈగలు సగానికి తగ్గాయి. రాణి ఉంది, తేనె ఉంది. ఇది మందు ప్రభావమేనా?

జవాబు: పెట్టె ముందు చచ్చిన ఈగలను లెక్కపెట్టి, తక్కువే ఉన్నాయని నిశ్చింతగా పడుకున్న రోజులు నాకూ ఉన్నాయి. మేతకు వెళ్లి దారి మరిచిన ఈగ ఇంటి ముందుకొచ్చి చావదు. ఎక్కడో గడ్డిలో పడిపోతుంది, మన లెక్కకు అందదు.

ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ వంటి మందులు ఈగ నరాల మధ్య సాగే కబుర్లను చెడగొడతాయి. 2012లో ఫ్రాన్స్ పరిశోధకులు ఈగల వీపుకు చిన్న చిప్‌లు అతికించి, చంపని మోతాదులో థయామెథాక్సామ్ పట్టి వదిలారు. మందు తాగనివాటితో పోలిస్తే తిరిగి రానివి బాగా ఎక్కువ. ఈ మందుల రుచి కూడా వాటికి తెలియదు. 2015లో వచ్చిన మరో పరిశోధనలోనైతే మందు కలిపిన చక్కెర నీళ్లకే ఎక్కువగా ఎగబడ్డాయి! ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్‌లతో పాటు అదే కోవకు చెందిన క్లోథియానిడిన్‌ను కూడా ఆరుబయట వాడకూడదని ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించింది.

మేత ఈగలు తగ్గితే, పిల్లలను సాకాల్సిన పడుచు ఈగలు ముందే బయటికి పోతాయి. లోపల పిల్లపురుగులకు తిండీ వెచ్చదనమూ కరవు. రాణి ఉన్నా సంసారం నిలవనిది అందుకే.

మీ ఉత్తరం చూసి మందేనని తేల్చి చెప్పను, ఈగలను పట్టి పీడించే వర్రోవా నల్లి ఉందేమో కూడా చూడండి. పొద్దున్నే అరగంట ద్వారం దగ్గర కూర్చోండి. వాలబోయి గురి తప్పడం, వెల్లకిలా పడి గిరగిరా తిరగడం, నాలుక బయటికి చాపి వణకడం కనిపిస్తే అనుమానం మందు మీదే. పొరుగు రైతును ఏం కొట్టారనే కాదు, ఏం కలిపి కొట్టారని అడగండి. కొన్ని తెగులు మందులు ఈగ ఒంట్లో విషాన్ని విరిచే శక్తిని దెబ్బతీస్తాయి. సాయంత్రం కొట్టించడం మేలే కానీ, మొక్కలోకి ఇంకే మందైతే మకరందంలోకీ చేరుతుంది, వేళ మార్చినంత మాత్రాన సరిపోదు. పూతకు ముందే మాట్లాడుకోవాలి.

ప్రస్తుతానికి ఆ రోజుల్లో నిండిన పుప్పొడి చట్రాలు తీసేయండి, విషం అందులో చాలాకాలం నిలుస్తుంది. ఖాళీ చట్రాలూ తీసి చోటు తగ్గించి, ఆరోగ్యంగా ఉన్న పెట్టె నుంచి మూత పడిన గదుల్లో పిల్లలున్న చట్రం ఒకటి ఇవ్వండి.