ప్రపంచ సాహిత్యం పరీక్ష: కథ తెలిసినా మార్కులు ఎందుకు రావు?

ప్రశ్న: మేము అమెరికాలోని టెక్సాస్‌లో ఉంటున్నాం. హైస్కూల్లో పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి త్వరలో ప్రపంచ సాహిత్యం ఫైనల్ పరీక్ష ఉంది. సోఫోక్లిస్ ‘యాంటిగనీ’, చినువా అచెబె ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ ముఖ్యమైన పాఠ్యగ్రంథాలు. రెండు కథలూ గడగడా చెబుతుంది కానీ, వ్యాసం రాస్తే మార్కులు రావడం లేదు. తెలుగు మాధ్యమంలో చదివిన నేను ఆమెకు సాయపడగలనా?

జవాబు: తప్పకుండా సాయపడగలరు. ఈ పరీక్షలో అడిగేది కథ కాదు. రచయిత ఆ కథను అలాగే ఎందుకు నడిపించాడన్నది. మీ అమ్మాయి చదువుతున్న రెండు రచనలనే తీసుకుందాం. ఒకటి క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు నాటకం, మరొకటి 1958లో వెలువడిన నైజీరియా నవల. పైకి ఏ పోలికా కనబడని ఈ రెండింటిలోనూ ఒక శవానికి అంత్యక్రియలు ఎవరు చేయాలన్న ప్రశ్న ఉంది. నగరంపై దండెత్తి చనిపోయిన పాలినైసిస్‌ను ఎవరూ పూడ్చకూడదని రాజు క్రెయాన్ శాసిస్తే, దేవతల ధర్మం అంతకంటే పెద్దదని పాలినైసిస్ చెల్లెలు యాంటిగనీ ఎదిరిస్తుంది. నవలలో కథానాయకుడు ఒకొంక్వో ఆత్మహత్య చేసుకున్నప్పుడు అడ్డుపడేది రాజశాసనం కాదు, అతడు ప్రాణంగా భావించిన తెగ ఆచారమే: ఆత్మహత్య భూదేవి పట్ల మహాపరాధం కనుక, సొంతవాళ్లు ఆ దేహాన్ని తాకలేక పరాయివారిని పిలవవలసి వస్తుంది. నవల చివరలో ఆంగ్లేయ అధికారి, తాను రాయబోయే పుస్తకంలో అతని గురించి ఒక అధ్యాయం, కాదంటే ఒక పేరా రాయవచ్చని అనుకుంటాడు. ఆ మనిషి జీవితాన్ని నవల పొడవునా చదివి వచ్చిన పాఠకుడికి ఆ ‘పేరా’ ఎంత క్రూరంగా వినిపిస్తుందో మీ అమ్మాయి వివరించగలిగితే, అది విశ్లేషణ అవుతుంది. ఆత్మహత్య జరిగిందని మాత్రమే రాస్తే కథాసంగ్రహం దగ్గరే ఆగిపోతుంది.

ఇక మీ వంతు. మనం తెలుగు పరీక్షల్లో రాసిన సందర్భసహిత వ్యాఖ్యలు మీకు గుర్తుండే ఉంటాయి. పుస్తకంలోంచి ఏదో ఒక వాక్యం మీరు చదవండి. అది ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో, ఆ మాట లేకపోతే రచన ఏమి కోల్పోతుందో ఆమెను పుస్తకం మూసి చెప్పమనండి. ఆ చివరి ప్రశ్న దగ్గర తొందరపెట్టకండి, ఎందుకంటే నిజమైన చదువు అక్కడే జరుగుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే సారాంశాలు పేర్లు గుర్తుచేసుకోవడానికి మాత్రమే పనికివస్తాయి. పాత వ్యాసాల మీద టీచరు రాసిన వ్యాఖ్యలను మాత్రం ఇద్దరూ కూర్చుని చదవండి; ‘ఆధారం చూపలేదు’ అన్న మాట పదేపదే కనబడితే, ప్రతి రచన నుంచి నాలుగైదు చిన్న ఉల్లేఖనాలు కంఠస్థం చేయించి, పరీక్షకు ముందు కనీసం ఒక వ్యాసమైనా గడియారం ఎదుట పెట్టుకుని పూర్తిగా రాయించండి.